మెట్లెన్ని తేలినాయి?

సముద్రం మీద ఇరవై రెండేళ్లు వేట చేసినవాడికి డామ్‌లో చేపలు పట్టడం నేర్పుతామంటే ఎవరికైనా నవ్వొస్తుంది. నాకు నవ్వు రాలేదు, ఒళ్లు మండింది. సాలూరు దాటాక కొండల కిందున్న ఆ నీళ్లని గట్టు మీద నిలబడి మొదటిసారి చూసినప్పుడు నాకు కలిగింది ఆనందం కాదు, అనుమానం. అల లేదు, నురగ లేదు, ఉప్పు వాసన లేదు. అవతలి ఒడ్డు కనిపిస్తూనే ఉంది గానీ ఎంత దూరమో తేల్చుకోలేకపోయాను. సముద్రానికి కోపం వస్తే అరుస్తుంది, మనకి తెలుస్తుంది. ఇంత నోరు మూసుకుని కూర్చున్న నీళ్లని నమ్మడం ఎలాగో నాకు తెలియలేదు.

మాది నౌపడ దగ్గర ఊరు. ఉప్పు మడులు దాటి సరుగుడు తోపులోంచి నడిస్తే మా పడవలుండే ఇసుక. అక్కడివాణ్ని ఇక్కడిదాకా తెచ్చింది నా భార్య. మూడేళ్ల కిందట మా బోటు ఇంజను నడి సముద్రంలో ఆగిపోయింది. రెండు రోజులు కొట్టుకుపోయి, ఒడిశా ఒడ్డున ఎక్కడో తేలాం. ఇంటికొచ్చాక ఆ కథని నేను ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ గాలి కొంచెం పెరిగేది, నీళ్ల డబ్బా కొంచెం చిన్నదయ్యేది. నా భార్య మాత్రం ఆ రోజు గంజి పోసి పెట్టింది. పది రోజులు పోయాక అంది. "మావా, ఇంక నాను ఒడ్డున కూకోను."

కోపంలో అందనుకున్నాను. కాదు. ఆ తర్వాత నేను వేటకెళ్లిన ప్రతి రోజూ బోటు ఒడ్డు తగిలేదాకా ఆమె ముద్ద ముట్టేది కాదు. మనిషి సగమైపోయింది. చివరికి ఒక వానాకాలం నడిమిలో పెట్టె సర్దేసింది. "సిన్నమ్మ కాడికి ఎల్దాం. అక్కడ డామ్ ఉన్నాది. నువ్వు రాకపోతే నాను ఒక్కద్దాన్నే ఎల్తాను. అక్కడ కుదరకపోతే నువ్వు మళ్లా సముద్రం మీదకి పో, నాను మాత్రం రాను" అంది. పద్దెనిమిదేళ్ల కాపురంలో ఆమె అంత పొడుగు మాట మాట్లాడటం అదే మొదలు. అందుకని వచ్చాను.

ఆ చిన్నమ్మని, అంటే నాకు అత్త వరసయ్యే ఆవిణ్ని, ఏనాడో ఆ డామ్ పక్క ఊరికిచ్చారు. మొగుడు పోయి రెండేళ్లయింది. బక్కగా, కొరకరాని కొయ్యలా ఉండే మనిషి. నన్ను తీసుకెళ్లి అక్కడి చేపల సంఘం పెద్ద ముందు నిలబెట్టింది. ఆయన నన్ను కింద నుంచి పైకి చూసి, ఆ డామ్ పద్ధతి చెప్పాడు.

"ఇక్కడ పడవకి నంబరు రాయాలంటే ఆ పడవలో డామ్ తెలిసినోళ్లు ఒకలుండాల. ఊరికినే వలుంటే సాలదు. కార్తీకం దాకా టైమిస్తన్నాం. అప్పటికి మీ పడవలో అలాటోళ్లుంటే రాస్తాం. నేకపోతే మీ దారి మీది."

"నానే నేర్సుకుంటాను, మావా. నాకు నీళ్లు కొత్తేటి కాదు" అన్నాను.

ఆయన నా వైపు కాకుండా నా వెనక నిలబడ్డ నా భార్య వైపు చూసి నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఎందుకు నవ్వాడో ఇంటికి నడుస్తున్నంతసేపూ ఆలోచించాను, తేలలేదు.

అక్కడ పడవలో ఇద్దరుండాలి. ముందు కూర్చున్నవాడు వల వేస్తాడు, వెనక కూర్చున్న మనిషి తెడ్డు వేస్తుంది. వేస్తుంది అని ఎందుకంటున్నానంటే, దాదాపు ప్రతి పడవలోనూ వెనక కూర్చునేది భార్యే. మా వైపు ఆడవాళ్లు పడవ ఎక్కరు. చేప ఒడ్డున పడ్డాక తట్ట వాళ్లది, బేరం వాళ్లది, నోరు వాళ్లది. పడవ మాత్రం మగవాళ్లది. అలాంటిది నా భార్య చీర కుచ్చిళ్లు దోపుకుని అత్త చిన్న రేకు పడవలో వెనక కూర్చుంటే, మా ఊరివాళ్లు ఎవరూ చూడకూడదని దేవుళ్లందరికీ మొక్కుకున్నాను. అత్త మధ్యలో కూర్చుంది. ఎలా కూర్చుందనుకున్నారు? వీపు నా వైపు పెట్టి, ముఖం నా భార్య వైపు పెట్టి. నేర్చుకోవాల్సినవాణ్ని నేను. పాఠం మాత్రం వెనక్కి పోతోంది.

మొదటి రోజు పడవ ఎక్కగానే అత్త అడిగింది. "ఎన్ని?"

"అయిదు" అంది నా భార్య.

"అయితే కొండ మోచేతి కాడికి పోనీ" అంది అత్త.

అంతే. ఏవి అయిదు? కొండకి మోచెయ్యేమిటి? వెనక్కి తిరిగి అడిగితే, "నువ్వు వల సూసుకో అల్లుడా" అంది అత్త. కొండ ఒకచోట వంగి నీళ్లలోకి దిగుతుంది, దాన్నే మోచెయ్యంటారని తర్వాత తెలిసింది. అక్కడ వేశాం. ఎన్ని బొచ్చె చేపలు పడ్డాయంటే, నేను సముద్రంలో కూడా చాలా రోజులుగా అంత నిండిన వల లాగలేదు. సగం సంతోషం, సగం కడుపుమంట. ఇంత తేలికైన పనికి ఇన్ని నెలల పాఠమెందుకు?

రెండో వారం నుంచి అసలు కథ మొదలైంది. ప్రతి పొద్దుటా అదే ప్రశ్న. "ఎన్ని?" ఒక రోజు ఆరు, ఒక రోజు ఎనిమిది. అంకె చెప్పగానే అత్త దిక్కు చెబుతుంది, పడవ అటు పోతుంది. అంకెని బట్టి చోటు మారుతోందని నాకు అర్థమైంది గానీ అంకె ఎక్కడి నుంచి వస్తోందో అంతుపట్టలేదు. ఇంట్లో నా భార్యని అడిగాను. "ఏటో, సిన్నమ్మ అలవాటు" అని చేటలో బియ్యం ఏరుకుంటూ ఉండిపోయింది. ఆమె అబద్ధం చెప్పేటప్పుడు నా ముఖం చూడదు. ఆ రోజూ చూడలేదు.

ఇక నేనే పరిశోధన మొదలుపెట్టాను. గట్టు మీద వాలిన నీటికాకులు లెక్కపెట్టాను, కుదరలేదు. ఆ రోజు నీళ్లలో ఉన్న పడవలు లెక్కపెట్టాను, కుదరలేదు. ఎదురింటి మేకలు కూడా లెక్కపెట్టాను, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. శ్రావణం పోయింది, భాద్రపదం వచ్చింది. ఆ ఏడాది వానలు మధ్యలో ముఖం చాటేశాయి. అంకె మాత్రం పెరుగుతూనే ఉంది. తొమ్మిది, పదకొండు, పన్నెండు. ఒక్కసారైనా తగ్గదేం? ఒక దశలో నా తప్పులు లెక్కపెడుతున్నారేమో అనిపించింది. నిజంగానే అనిపించింది.

అంకెతో పోయిందా అంటే, పోలేదు. పడవ సాగుతుంటే అత్త గొణుగుతూ ఉండేది. "బడిని ఎడమకి ఒగ్గీ." "సింతలు దాటినాక ఆపు." "నూతి కాడ జాగర్త, పిల్లా." నేను కళ్లు చించుకుని చూసేవాణ్ని. బడి లేదు, చింతలు లేవు, నుయ్యి లేదు. నాలుగు వైపులా ఒకేలాంటి నీళ్లు. డామ్ కట్టినప్పుడు కొన్ని ఊళ్లు మునిగాయని అందరికీ తెలిసిందే, నాకూ తెలుసు. కానీ మునిగిన బడి పైనుంచి ఎలా కనిపిస్తుంది? నాకు అర్థం కాకూడదనే ముసలావిడ లేనిపోని గుర్తులు కల్పిస్తోందని తేల్చుకున్నాను.

అలా తేల్చుకోవడానికి ఒక కారణముంది, అది నా గురించి మంచిగా చెప్పదు. మా సముద్రంలో చేపలుండే చోటుని ఒడ్డు మీది గుర్తులతో పట్టుకుంటాం. ఈ కొండ కొన ఆ గుడి మీదకి రావాలి, ఆ సెల్ టవరు ఈ తాటిచెట్ల మధ్యకి రావాలి, అప్పుడు అక్కడ వల. ఆ గుర్తులు ఇంటి గుట్టు. ఎవరికీ చెప్పం. అడిగితే తప్పు గుర్తులు చెబుతాం. నా తోడల్లుడు ఏళ్ల తరబడి నేను చెప్పిన తప్పు గుర్తు పట్టుకుని ఉత్త నీళ్లలో వల వేశాడు, నేను ఒడ్డున కూర్చుని జాలిపడ్డట్టు నటించాను. అలాంటివాడికి ఇంకొకరు మంచి మనసుతో నేర్పుతున్నారని నమ్మకం ఎక్కడి నుంచి వస్తుంది?

అనుమానాన్ని ముదరబెట్టింది కొండ మోచెయ్యి. మొదటి రోజు అంత బాగా పడిన చోటు. ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగినా అత్తది ఒకటే మాట. "ఇప్పుడు కాదు."

"మరెప్పుడు?"

"సెప్తాలే. ఇప్పుడు కాదు."

అత్తకి ఒక కూతురుంది. ఆ కూతురి మొగుడి పడవకి నంబరుంది. అతను ప్రతి రోజూ మోచెయ్యి వైపు నుంచే వచ్చేవాడు, పడవ నిండా చేపలతో. నన్ను చూసి మర్యాదగా తలూపేవాడు. ఆ మర్యాద చూస్తేనే నాకు మండేది. ఇంకేం కావాలి? మంచి చోటు సొంత అల్లుడికి దాచింది, వరసకి అల్లుణ్నయిన నాకు మిగతా నీళ్లు చూపిస్తోంది. కార్తీకం వచ్చేసరికి నాకేమీ రాదు, నంబరు రాయరు, నేను సముద్రం దారి పడతాను. ఆమె పడవ, ఆమె డామ్, ఆమె అల్లుడు చల్లగా ఉంటారు. రాత్రిళ్లు పక్క మీద దొర్లుతూ ఇదంతా కళ్లకి కట్టినట్టు అల్లుకున్నాను.

నా భార్య మీద కూడా అనుమానం వచ్చింది. అది చెప్పడం కష్టంగానే ఉంది. ఆమె ఈ మధ్య తేలికపడింది. అన్నం తింటోంది. తెడ్డు వేసేటప్పుడు ఏదో కూనిరాగం తీస్తోంది. నేను గుర్రుగా ముందు కూర్చుని ఏమీ తెలియక ఏడుస్తుంటే, ఆమెకి రాగమెలా వస్తోంది? వాళ్లిద్దరూ వెనక గుసగుసలాడి నవ్వుకుంటే నా చెవులు నిక్కపొడుచుకునేవి. వినిపించేది కాదు.

సరే, మీ దారి మీదైతే నా దారి నాదనుకున్నాను. నా దగ్గర ఫోనుంది. అందులో మ్యాపుంది. డామంతా ఒక నీలం ముద్దలా కనిపిస్తుంది, ఆ ముద్దలో మనం ఎక్కడున్నామో ఒక చుక్క చెబుతుంది. చేపలు బాగా పడ్డ చోటల్లా ప్లాస్టిక్ కవరులో చుట్టిన ఫోను జేబులోంచి తీసి గుట్టుగా గుర్తు పెట్టుకున్నాను. మోచెయ్యికి మాత్రం రెండు గుర్తులు పెట్టాను, ఒకటి పోయినా ఒకటుంటుందని. సముద్రంలో గుర్తంటే గుర్తే. పదేళ్లాగి వెళ్లినా ఆ రాయి అక్కడే, ఆ లోతు అంతే. ఇక్కడా అంతేననుకున్నాను. నేను పప్పులో కాలేసింది అక్కడే.

ఒకసారి నేను గుర్తు పెడుతుంటే నా భార్య చూసింది. ఫోను వైపు, నా వైపు చూసి తల తిప్పుకుంది. ఆమె ముఖంలో కనిపించింది భయమని అప్పుడు నాకు తెలియలేదు. దొరికిపోయిన దొంగ ముఖమనుకున్నాను.

దసరా వెళ్లిన వారం, సాలూరు సంత రోజు. అత్తా, నా భార్యా సంతకి వెళ్తామన్నారు. మోకాలు నొప్పి అన్నాను నేను. వాళ్లు బస్సు కోసం రోడ్డు మీదకి వెళ్లగానే, ఎండ బాగా ఎక్కిన వేళ, కొత్త నైలాను టంగుసు వల భుజాన వేసుకుని గట్టు దిగాను. పడవలో ఒక్కణ్నే కూర్చుని తెడ్డు వేస్తే ఆ రేకు పడవ తిన్నగా పోదు. బొంగరంలా గిర్రున తిరిగింది. ఒడ్డున బట్టలుతుకుతున్నవాళ్లు చూసి నవ్వుతున్నారేమోనని తల ఎత్తలేదు. ఎలాగో తిప్పలు పడి, ఫోనులో చుక్కని గుర్తు మీదకి తెచ్చాను. మోచెయ్యి. రెండు నెలల అనుమానానికి ఈ రోజుతో సమాధానం దొరుకుతుందనుకున్నాను.

వల వదిలాను. సగం వదలకముందే బిగిసింది. చేపే అనుకున్నాను, అబద్ధమెందుకు, మనసులో ఎగిరి గంతేశాను. లాగాను. రాలేదు. ఇంకో వైపు నుంచి లాగాను. రాలేదు. వంగి నీళ్లలోకి చూస్తే, చేతికందే లోతులో ఒక నల్లటి కొమ్మ. దాని పక్కన ఇంకొకటి. అటు చూస్తే ఇంకా. నేనొక చెట్టు మీద కూర్చుని ఉన్నాను. చెట్టు కాదు, తోపు మీద.

అలవాటు కొద్దీ లేచి, బోటు అంచు మీద కాలు తన్ని వల లాగాను. సముద్రంలో మా ఫైబరు బోటు దానికి చలించదు. ఈ రేకు పడవ ఒక్కసారిగా ఒరిగి దోసెడు కాదు, బిందెడు నీళ్లు తాగింది. దబ్బున కూలబడి, అన్నం గిన్నె మూతతో నీళ్లు తోడుకున్నాను. ఈలోగా కొండ మీద నుంచి గాలి లేచింది. పడవ జరిగిన ప్రతిసారీ కింద కొమ్మ రేకుని గీరుతోంది. ముందుకి పోదామంటే కొమ్మలు, వెనక్కి పోదామంటే నా వలే అడ్డం. వల కోసేస్తే బయటపడతానేమో గానీ, మాకున్న మంచి వల అదొక్కటే. భయం వేసింది. ఇరవై రెండేళ్ల వేటగాణ్ని, ఒడ్డు కంటికి కనిపిస్తుండగా, పట్టపగలు, భయం వేసింది. ఫోను తీస్తే చుక్క సరిగ్గా గుర్తు మీదే ఉంది. నువ్వు రావాల్సిన చోటికే వచ్చావు అంటోంది.

ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు. గట్టు వైపు నుంచి ఒక పడవ బయలుదేరింది. నంబరున్న పడవ, అత్త అల్లుడిది. కానీ అందులో అతను లేడు. వెనక తెడ్డుతో నా భార్య, మధ్యలో అత్త. వాళ్లు బస్సు ఎక్కలేదన్నమాట. నేను చెయ్యి ఊపి, "ఇటు తిన్నగా రా!" అని అరిచాను. ఆమె తిన్నగా రాలేదు. ఎడమకి చాలా దూరం పోయి, ఆగి, మళ్లీ కుడికి తిప్పి, ఏదో కనిపించని సందులోంచి నడిపించినట్టు నడిపించుకుంటూ వచ్చింది. దగ్గరికొచ్చేకొద్దీ ఆమె పెదాలు కదలడం కనిపించింది. తనలో తనే చెప్పుకుంటోంది. "బడి... నుయ్యి... పెద్ద సింత..."

అత్త ఒక్క మాట మాట్లాడలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కొండల వైపు చూస్తోంది. ఆమె నోరు విప్పాల్సిన అవసరం లేదక్కడ. అప్పుడు తెలిసింది నాకు. పాఠం వెనక్కి పోతూ వచ్చిందని కోపంతో లెక్కపెట్టుకున్నాను గానీ, వెనక దాన్ని నేర్చుకుంటున్న మనిషి ఉందని ఒక్క రోజూ నాకు తట్టలేదు. తెడ్డు వేసే మనిషంటే చేతులే అనుకున్నాను.

పడవకి పడవ ఆనించి, కొమ్మ పెరిగిన దిక్కుకి వల జార్చి లాగమంది నా భార్య. సగం వల వచ్చింది, సగం కొమ్మలకే పోయింది. ప్రాణం కుదుటపడగానే నాకు రావాల్సింది సిగ్గు. వచ్చింది కోపం.

"ఇద్దరూ కలిసి నన్ను ఎర్రిగొర్రెని సేసినారు! రెండు నెలలు! ఆ లెక్కేటో, ఈ కొమ్మలేటో, ఒక్కమాట సెప్పుంటే నాకీ గతి పట్టునా?"

"ఆ లెక్క గట్టు మెట్లది, అల్లుడా" అంది అత్త నెమ్మదిగా. "కాలవకి నీరొగ్గేసినకొద్దీ డామ్ దిగిపోతాది, మెట్లు తేల్తాయి. అయిదు మెట్లు తేలినప్పుడు ఈ సింతల మీద ఏనుగంత నీరుంటాది, వల తగల్దు, మేతకి సేప పైకొస్తాది. ఈ రోజు పదిహేడు తేలినాయి. పదిహేడుకి ఇక్కడికి మతున్నోడెవడూ రాడు."

"మరి మీ అల్లుడు?"

"ఆడు ఈ మోసెయ్యి దాటి, కొండ గెడ్డ వచ్చి డామ్‌లో కలిసే కాడికి ఎల్తాడు. ఇటే రావాల, ఇంకో దారి నేదు."

గట్టు మెట్లు. రోజూ నేను వాటి మీదుగానే దిగి పడవ ఎక్కాను. మేకల్ని లెక్కపెట్టినవాడికి కాళ్ల కింది మెట్లు కనపడలేదు.

"మరి నాకెందుకు సెప్పనేదు?" అన్నాను. గొంతు పెంచి అనలేదు ఈసారి.

అత్త నా భార్య వైపు చూసింది. నా భార్య తెడ్డుని ఒళ్లో అడ్డంగా పెట్టుకుని, నీళ్లు కారుతున్న దాని కొనని చూస్తూ కూర్చుంది.

"నానే సెప్పొద్దన్నాను" అంది. "వచ్చిన మొదట్రోజే సిన్నమ్మకి సెప్పినాను. మెట్లు సెప్పొద్దు, బడి ఎక్కడో సెప్పొద్దు, ఆయనకేటీ నేర్పొద్దు, నాకే నేర్పు అన్నాను."

"ఏఁ?"

"నువ్వు బేగి నేర్సుకుంటావు. నాకు తెల్దేటి? నేర్సుకున్నాక ఒక్కడివే ఎల్లిపోతావు. మళ్లా నన్ను ఒడ్డున ఒగ్గేసి." ఆమె తలెత్తి నన్ను చూసింది. "నాను నేకుండా ఎల్లలేకుండా ఉండాల నువ్వు. అందుకు."

నా అనుమానం నిజమేనన్నమాట. దాచారు. కావాలనే దాచారు. గర్వపడటానికి నాకు మిగిలింది అదొక్కటే, అదీ ఎంతోసేపు నిలవలేదు. ఎందుకంటే, ఏమీ నేర్వకుండానే, ఆమె భయపడ్డ పని ఆ రోజే చేశాను నేను. బస్సు దగ్గర ఏదో తోచి వెనక్కొచ్చి గట్టు మీద నిలబడితే, పడవ లేదు, నేను లేను, పదిహేడు మెట్లు తేలి ఉన్నాయి. ఆ నిమిషం ఆమె ఎలా నిలబడి ఉంటుందో ఊహించడానికి ప్రయత్నించాను. నాకు చేతకాలేదు.

కార్తీకం వచ్చింది. సంఘం పెద్ద గట్టు మీద కూర్చున్నాడు, చుట్టూ పాతిక మంది మగవాళ్లు, వాళ్ల వెనక వాళ్ల ఆడవాళ్లు. నా వంతు వచ్చింది.

"మీ పడవలో డామ్ తెలిసినోళ్లెవులు?"

నా భార్య నేల చూస్తోంది. అంతమందిలో ఆమె నోరు విప్పదు. నేనేదో ఒకటి చెప్పి గట్టెక్కవచ్చు. మెట్ల సంగతి ఇప్పుడు నాకూ తెలుసు కదా. మా ఊరి గుట్టు, మా నాన్న పడవ, మా తాత తెప్ప, అన్నీ అడ్డం వచ్చాయి. 

"నాకు తెల్దు" అన్నాను. "మా ఆడదానికి తెలుసు."

ఎవరూ నవ్వలేదు. నేను నవ్వుతారనుకున్నాను. పెద్ద ఆమె వైపు తిరిగి, తొమ్మిది మెట్లు తేలి, కొండగాలి వేస్తే వల ఎక్కడ వేస్తావని అడిగాడు. ఆమె వినపడీ వినపడనట్టు చెప్పింది. ఇంకొకటి అడిగాడు. ఈసారి కొంచెం గట్టిగానే చెప్పింది. ఆయన నంబరు రాయించాడు.

ఆ మర్నాటి నుంచి అత్త ఒడ్డునే ఉండిపోయింది. పడవలో మేమిద్దరమే. నేను ముందు, వీపు ఆమె వైపు. ఎటు పోతున్నామో నాకు తెలియదు, ఎందుకు తిరుగుతున్నామో తెలియదు. వెనక ఆమె తెడ్డు చప్పుడు ఒక్కటే ఆధారం. రెండుసార్లు "ఎక్కడికి?" అని అడిగాను. రెండుసార్లూ "వల సూసుకో" అంది. బడి మీద నుంచో, నూతి పక్క నుంచో పోతున్నాం. ఇలా ఏమీ తెలియకుండా ఇంకొకరి చేతిలో కూర్చోవడం ఇంత కష్టమని నాకు అంతవరకూ తెలియదు. కాసేపటికి నా నోట్లోంచి ఒక మాట వచ్చేసింది. మూడేళ్లుగా నా కథని ఊరంతా చెప్పుకు తిరిగాను గానీ, ఆ మాట ఆమెని ఎప్పుడూ అడగలేదు.

"ఆ రెండ్రోజులూ ఒడ్డున ఏటి సేసినావు?"

తెడ్డు ఆగింది. పడవ కొంచెం దూరం దానంతటదే పోయింది. తిరిగి ఆమె ముఖం చూసే ధైర్యం నాకు లేకపోయింది.

"ఏటి సేస్తాను, మావా. వచ్చిన పడవల్లా నీదేననుకుని లెగిసేదాన్ని. కాదని మళ్లా కూకునేదాన్ని."